తలుపు లోపలి గీతలు

వాన తగ్గేదాకా నిలబడదామని ఎంగెల్‌బర్ట్ పిల్లల్ని ఆ ఇటుక గదిలోకి తీసుకెళ్ళాడు. పోయిన వారం కథలో వాళ్ళని అక్కడే వదిలాం.

కాలవ లాకుల దగ్గర ముప్ఫై ఎనిమిదేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి ఎంగెల్‌బర్ట్ డేమన్. భార్య అడెల్‌హైట్ పోయి రెండేళ్ళు. ఈ వేసవిలో కూతురి పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని జర్మనీలో ఎమ్స్ నది ఒడ్డున ఉన్న హామ్‌స్టెడ్ నుంచి బయల్దేరాడు. బడిలో గోడ మీద వేలాడే యూరప్ యూరప్ కాదనీ, కాలికి బురద అంటితేనే దేశం తలకెక్కుతుందనీ ఆయన పట్టుదల. హాలండు సరిహద్దు దాటారు. నక్షత్రం ఆకారంలో కట్టిన పాత కోట చూశారు. సముద్రం కంటే పల్లంలో ఉన్న పొలాల గట్ల మీద నడిచారు. అయిదో రోజుకి ఔడెర్‌ఫేన్ అనే డచ్చి ఊరు చేరారు.

ప్రయాణానికి మూడు నియమాలు. వెళ్ళిన ప్రతి చోటా ఒక వస్తువుని చేత్తో ముట్టుకోవాలి. ఒక ప్రశ్న అడగాలి. ఎవరైనా అడిగితే తెలిసింది చెప్పాలి, తెలిసి తెలియదంటే ఆ రోజు ఐస్‌క్రీం లేదు. పిల్లల నోటు పుస్తకాల మొదటి పేజీలో ఆయనే ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చాడు.

ఆ ఇటుక గది ఒకప్పుడు యూదు పిల్లల బడి. ఇప్పుడు గోడల నిండా ఫోటోలు. వాన లేకపోతే ఆయన ఆ గడప తొక్కేవాడు కాదు. ఎనిమిదేళ్ళ తాలియా ఒక ఫోటో ముందు ఆగిపోయి, వెనక్కి తిరక్కుండానే అంది: "తాతా, మన బీరువా."

"అలాంటివి వెయ్యి ఉంటాయి," అన్నాడు ఎంగెల్‌బర్ట్.

"చూడకుండా ఎలా చెప్తున్నావు?" అంది పన్నెండేళ్ళ వీబ్కె.

చూశాడు.

ఒక గది. గోడకి ఓక్ చెక్క బీరువా. ఎడమ తలుపు తెరిచి ఉంది. తలుపు లోపలి వైపుకి వీపు ఆనించి ఒక పిల్లాడు నిలబడ్డాడు, మడమలు నేలకి అదిమిపెట్టి, గడ్డం పైకెత్తి, ఒక వేలెడు ఎక్కువ కనపడాలని ఊపిరి బిగబట్టి. వాడి తల మీద పుస్తకం అడ్డంగా పెట్టి, పెన్సిలు పట్టుకుని వంగిన మనిషి తండ్రై ఉండాలి. పక్కన ఒక పిల్ల, తన వంతు అయిపోయినట్టు, చేతులు కట్టుకుని నవ్వుతోంది. బీరువా నెత్తిన చెక్కిన పళ్ళ గుత్తి. గుత్తిలో ఎడమ చివరి పండు విరిగిపోయి ఉంది.

హామ్‌స్టెడ్‌లో ఆయన పడక గదిలో కూడా ఆ పండు లేదు. పెళ్ళైన కొత్తలో, కొత్త పండు చెక్కించి జిగురుతో అతికిస్తానన్నాడు. వద్దంది అడెల్‌హైట్. ఎందుకని ఆయన అడగలేదు.

"కాళ్ళు కూడా చూడు," అంది తాలియా. "ఒకటి గుండ్రంగా, ఒకటి పలకలుగా. మనదీ అంతే కదా."

"ఒక ఊరి వడ్రంగులు అన్నీ ఒకే రకంగా చేస్తారు."

"తప్పు కూడా ఒకే రకంగా చేస్తారా?" అంది వీబ్కె.

ఇంట్లో దాని పేరే హాలండు బీరువా. అడెల్‌హైట్ పుట్టింటిది. యుద్ధంలో ఎమ్డెన్‌లో ఇంటి మీద బాంబు పడితే వాళ్ళు కట్టుబట్టలతో హామ్‌స్టెడ్ వచ్చారు. ఆ ఏడే ఎవరో హాలండు వడ్రంగి దగ్గర కొన్నామని అత్తగారు చెప్పేది. తలుపు లోపల పెన్సిలు గీతలు ఉండేవి. ఒక్కో గీత పక్కన ఆర్ అనో జె అనో అక్షరం, సంవత్సరం. ఆ వడ్రంగి పిల్లలవి అని కూడా అత్తగారే చెప్పేది. బాంబులు పడుతున్న రోజుల్లో ఏ వడ్రంగి సొంత పిల్లల గీతలున్న బీరువా అమ్ముకున్నాడని ఆ ఇంట్లో ఎవరూ ఆమెని నిలదీయలేదు. ఆ గీతల మధ్యనే అడెల్‌హైట్ గీతలు వచ్చాయి. తర్వాత కూతురు మెక్టిల్డ్‌వి. తర్వాత వీబ్కెవి. పుట్టినరోజు పొద్దున్న కాఫీ కంటే ముందు ఆ తలుపుకి నిలబెట్టడం ఇంటి ఆచారం.

వెనక గదిలోంచి ఒకావిడ తువ్వాళ్ళు పట్టుకొచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. పేరు హెన్నీ. బడిలో పాఠాలు చెప్తుంది, సెలవుల్లో ఈ గది తాళం తీసి కూర్చుంటుంది.

"తల తుడుచుకోండమ్మా, జలుబు చేస్తుంది. ఈ వానలో ఎక్కడినుంచి ఊడిపడ్డారు?"

సరిహద్దుకి ఇటూ అటూ పల్లె మాట ఒకటే. ఆవిడ ఆ మాటలోనే అడిగింది.

"హామ్‌స్టెడ్ నుంచి," అంది తాలియా.

తువ్వాలు తాలియా తల మీదే ఆగింది. మళ్ళీ కదిలింది. ఎంగెల్‌బర్ట్ గమనించాడు.

"హామ్‌స్టెడ్‌లో ఎవరింటి పిల్లలు?"

"వాన తగ్గగానే వెళ్ళిపోతాం," అన్నాడాయన.

"ఈ బీరువా మా ఇంట్లో ఉంది," అంది తాలియా.

"తాలియా."

"ఉంది కదా తాతా. లోపల ఆర్, జె అని రాసుంటుంది ఆంటీ. నాకు గీత గీయలేదు గానీ నేనే వెళ్ళి నిలబడి చూసుకున్నాను. ఏడో ఏట జెని దాటేశాను. జె బాగా పొట్టి. సూపు తాగకపోతే నువ్వూ జెలాగా అక్కడే ఆగిపోతావని తాత రోజూ అంటాడు."



హెన్నీ తువ్వాలు మడతపెట్టింది. మడత సరిగా రాలేదని విప్పి మళ్ళీ పెట్టింది.

"జె పేరు యాప్ అమ్మా, జెతోనే రాస్తాం," అంది. "ఆరేళ్ళు. అక్కడే ఆగిపోయిన మాట నిజమే."

"చిన్నపిల్ల. ఏదో వాగుతుంది," అన్నాడు ఎంగెల్‌బర్ట్.

"అది వాగలేదండీ. విన్నది చెప్పింది."

సూపు మాట ఆయన అన్నప్పుడల్లా అడెల్‌హైట్ బల్ల దగ్గర్నుంచి లేచి, గిన్నెలేవీ లేకపోయినా తొట్టి దగ్గరికి వెళ్ళి కుళాయి తిప్పేది. ఇన్నాళ్ళూ అది గుర్తుంచుకోవలసిన విషయమని ఆయనకి తోచలేదు. ఇప్పుడు ఆ కుళాయి చప్పుడే చెవిలో పడుతోంది.

"యాప్ ఎందుకు ఆగిపోయాడు?" అంది వీబ్కె. నోటు పుస్తకం తెరిచింది.

హెన్నీ పెద్దాయన వైపు చూసింది. ఆవిడ పాఠం చెప్పే గొంతుతోనే చెప్పింది, ఎక్కడా సాగదీయకుండా.

"వాళ్ళ నాన్న పేరు మెయ్యర్ ఫాన్ హాస్సెల్ట్. మా బజార్లో గుడ్డల కొట్టు. నలభై రెండు అక్టోబరులో నాజీలు భార్యాభర్తల్నీ యాప్‌నీ రైలెక్కించి పోలండు పంపించారు. అక్కడ చంపేశారు. ఈ ఫోటోలో నవ్వుతున్న పిల్ల రోసెట్. తనకి కోరింత దగ్గు ఉండి, తమ్ముడికి అంటుకుంటుందని ఊరి బయట పాలవాళ్ళింట్లో ఉంచారు. అందుకని దొరకలేదు. వారం తిరక్కుండా ఇల్లు ఖాళీ చేశారు. మంచాలు, గిన్నెలు, దీపాలు, అన్నీ పడవలకెక్కించి కాలవల మీద జర్మనీకి పంపారు. బాంబులకి ఇళ్ళు పోయినవాళ్ళకి కొన్ని పంచారు. మిగతావి వేలం వేశారు."

పడవలు.

నలభై మూడు వసంతం. ఎంగెల్‌బర్ట్‌కి పదకొండో ఏడు. ఆయన తండ్రి కూడా లాకుల దగ్గరే పనిచేసేవాడు. పడవలు వరసకట్టి వచ్చాయి. టార్పాలిన్ల కింద నుంచి కుర్చీ కాళ్ళు పైకి పొడుచుకుని ఉండేవి. ఒకదాని మీద కొయ్యగుర్రం ఉంది, తోక లేదు. లాకులో నీళ్ళు దిగేదాకా పడవ కదలదు. ఆ కాసేపూ పిల్లాడు ఆ గుర్రాన్నే చూశాడు. అది ఎవరిదని తండ్రిని అడగలేదు. ఇన్ని సామాన్లు ఎవరిళ్ళవని అడగలేదు. నీళ్ళు సమానమయ్యాయి. తండ్రీ కొడుకులు లాకు తలుపులు తీశారు. పడవ ముందుకి పోయింది.

అయిదు రోజులుగా ఆ కాలవల గురించే పిల్లలకి చెబుతున్నాడు. ఎక్కడ పుట్టాయి, ఎక్కడ కలిశాయి, ఎన్ని లాకులు. ఏమేం మోశాయో చెప్పలేదు.

"మా అత్తగారు కొన్నదండీ అది," అన్నాడు. "దొంగిలించలేదు."

"కొన్నారు. ఎవరి దగ్గర?"

"నాకు తెలీదు."

వీబ్కె ఆ మాటని పుస్తకంలో రాసుకుంది. పెన్సిలు కాగితం మీద గీసుకుపోయే చప్పుడు ఆయనకి వినపడింది.

"ఒకటి చూపిస్తాను, రండి," అంది హెన్నీ.

మూల బల్ల మీద గాజు పెట్టె. అందులో చదునుగా పరిచిన గోధుమ రంగు కాగితం. గౌన్లకి, చొక్కాలకి కొలతలు గీసుకునే పల్చటి కాగితం. దాని మీద అడ్డంగా తొమ్మిది చుక్కల వరసలు, కింద నుంచి పైకి. ప్రతి వరస చివరా ఆర్ అనో జె అనో ఒక అక్షరం, ఒక సంవత్సరం.

"ఏడేళ్ళ కిందట పోస్టులో వచ్చింది. పేరు లేదు, వీధి లేదు. తపాలా ముద్ర మాత్రం హామ్‌స్టెడ్‌ది."

"మా ఊరికి రెండు వేల గడప ఉంది," అన్నాడు ఎంగెల్‌బర్ట్.

తాలియా గాజుకి ముక్కు ఆనించింది. ఊపిరికి గాజు మసకేస్తే చేత్తో తుడిచింది. "ఇది అమ్మమ్మ చక్రం," అంది.

"ఏ చక్రం అమ్మా?"

"కాగితం మీద చుక్కలు వేసే పళ్ళ చక్రం. అమ్మమ్మ ఊరందరికీ బట్టలు కుట్టేది కదా. ఆ చక్రానికి ఒక పన్ను లేదు. ఇదిగో చూడండి, చుక్క, చుక్క, చుక్క, ఇక్కడ ఖాళీ. మళ్ళీ ఇక్కడ ఖాళీ. నాకు ముందు పన్ను ఊడినప్పుడు అమ్మమ్మ అంది, నువ్వూ నా చక్రమూ కవలలని."

ఎంగెల్‌బర్ట్ వంగాడు. కళ్ళజోడు పెట్టుకోవలసిన పని లేదు. కాగితం అడుగున పెన్సిలుతో నాలుగు వరసలు ఉన్నాయి. ముప్ఫై నాలుగేళ్ళు సంత చీటీల మీద చూసిన రాత.

*ఈ పిల్లలు ఎవరో మీ ఊళ్ళో ఎవరికైనా తెలుసా? తలుపు నా దగ్గరే ఉంది. చిన్నప్పుడు నన్నూ దాని ముందే నిలబెట్టారు. ఇక మా పిల్లల్ని నేను నిలబెట్టలేను.*

ఆయన మళ్ళీ చదివాడు. మూడోసారి చదవబోతే అక్షరాలు నిలవలేదు.

"మీ ఊరికే ఎందుకు రాసింది?" అన్నాడు. "ఔడెర్‌ఫేన్ అని ఎలా తెలుసు?"

"బీరువా వెనక పలక మీద మా ఊరి వడ్రంగి చీటీ అంటించి ఉంటుంది. పేరు, ఊరు, సంవత్సరం. ఎప్పుడో వెనక్కి తిప్పి ఉంటారు."

ఎనభై తొమ్మిదిలో పడక గదికి రంగు వేయించారు. బీరువాని గోడ నుంచి ముందుకి లాగింది ఎంగెల్‌బర్టే. నడుం పట్టేసిందని తిట్టుకుంటూ బయటికెళ్ళి పడుకున్నాడు. వెనక బూజు దులిపింది అడెల్‌హైట్. చీటీ చదివింది ఆవిడ. చదివి, బూజుకర్ర పక్కన పెట్టి, ఎవరికీ చెప్పకుండా కాగితం పరిచి, చక్రం తిప్పి, పోస్టాఫీసు దాకా నడిచింది. తిరిగొచ్చి ఆయనకి సూపు వడ్డించింది. ఆ తర్వాత అయిదేళ్ళు బతికింది. ఆఖరి మూడు నెలలు మంచం పట్టింది, ఆ బీరువా ఎదురుగానే. అప్పుడూ చెప్పలేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు పైకే.

వీబ్కె నెమ్మదిగా అంది: "నా గీతలు అయిదో ఏటితో ఆగిపోయాయి. ఎందుకమ్మమ్మా అంటే చెక్క పాడవుతుందంది."

"నన్ను వంటింటి గుమ్మానికి నిలబెట్టేది," అంది తాలియా. "అక్క బీరువాకి, నేను గుమ్మానికా అని ఏడిస్తే కిస్మిస్‌లు పెట్టేది."

హెన్నీకి అర్థమైంది. ఒక కుర్చీ లాగి పెద్దాయన వెనక పెట్టింది. "కూర్చోండి. మీ ఆవిడ చాలా గొప్ప పని చేశారండీ. ఇలాంటి కాగితం మాకు ఇంకెవరూ పంపలేదు."

ఆయన కూర్చోలేదు.

"రోసెట్ ఈ కాగితం చూసి మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు," అంది హెన్నీ. "నాలుగో రోజు అంది, ఇది బట్టలు కుట్టేవాళ్ళ కాగితం, హామ్‌స్టెడ్‌లో ఎవరు కుడతారని అడిగితే చాలు కదా అని. కానీ వెళ్ళడానికి ధైర్యం చాలక శీతాకాలమంతా గడిపింది. తొంభై ఏప్రిల్‌లో బస్సెక్కింది. నేను వస్తానంటే వద్దంది."

తొంభై ఏప్రిల్. బంగాళాదుంపలు నాటే రోజులు.

ఎంగెల్‌బర్ట్ చెయ్యి కుర్చీ వీపుని వెతుక్కుంది.

"మరి చూసిందా?" అంది వీబ్కె.

"లేదమ్మా. తలుపు తీసింది ఎవరో మగమనిషి. చేతుల నిండా మట్టి. మీ ఆవిడ ఉన్నారా అని అడిగిందట. లేదన్నాడట. పైన కుట్టుమిషను ఆడుతూనే ఉందట."

ఆ రోజుల్లో హాలండు నుంచి పాత సామాన్లు కొనేవాళ్ళు వ్యాన్లు వేసుకుని ఊళ్ళ మీద తిరిగేవారు. పక్కింటి ముసలమ్మ దగ్గర తాతల నాటి గడియారం మాటలతో మాయచేసి పట్టుకుపోయారు. గుమ్మంలో మంచి కోటు వేసుకున్న డచ్చి మనిషి కనపడగానే ఎంగెల్‌బర్ట్ తీర్పు చెప్పేశాడు. ఆమె పల్లె మాటలో అడిగింది. ఆయన పనిగట్టుకుని బడి జర్మన్‌లో జవాబిచ్చాడు, అవతల నిలబెట్టడానికి.

"బీరువా కొనడానికి రాలేదు, ఎడమ తలుపు లోపల ఒక్కసారి చూసి వెళ్ళిపోతానందట. అప్పుడతను..." హెన్నీ పిల్లల వైపు చూసి ఆగింది. "ఆ మాట ఎందుకులెండి."

"చెప్పండి ఆంటీ," అంది వీబ్కె. "నేను రాసుకుంటున్నాను."

"మా ఇంట్లోకి వచ్చింది మళ్ళీ హాలండు పోదు, అన్నాడట. అని తలుపేసేశాడట. రోసెట్ ఆ మాట ఇంటికొచ్చి కాగితం మీద రాసిపెట్టుకుంది. మర్చిపోతానని కాదు, ఎవరూ నమ్మరని."

ఒక్క అక్షరం తేడా లేదు. ఆ మాట తనకెంత బాగా కుదిరిందో అనుకుని ఆ సాయంత్రం బీరు దుకాణంలో నలుగురికీ చెప్పాడు కూడా. నలుగురూ నవ్వారు. ఒకడు భుజం తట్టాడు.

అంతకు ముందు, తలుపు వేశాక, మిషను చప్పుడు ఆగింది. అడెల్‌హైట్ మెట్ల మీదికి వచ్చింది, మెడలో కొలత టేపు వేలాడుతూ.

"ఎవరు?"

"హాలండు వాళ్ళు. పాత సామాన్ల బేరం. పంపేశాను."

"మగవాళ్ళా?"

"ఆడది."

"ఏమడిగింది?"

"బీరువా. ఇంకేమడుగుతారు?"

ఆవిడ మెట్టు మీదే కూర్చుండిపోయింది. కాసేపటికి లేచి, ఏప్రన్‌తోనే వీధిలోకి వెళ్ళి, బస్సు ఆగే మలుపు దాకా నడిచి తిరిగొచ్చింది. ఆ రాత్రి భోజనం చేయలేదు. తలనొప్పి అనుకున్నాడు. ఆవిడ తనకి ఎందుకు చెప్పలేదని ఇందాక అడిగాడు. ఆ జవాబు ఆరేళ్ళ కిందటే ఆయన నోటితోనే ఆయన చెప్పుకున్నాడు, గుమ్మంలో నిలబడి, మట్టి చేతులతో.

వీబ్కె నోటు పుస్తకంలో కొత్త పేజీ తిప్పింది. పైన తేదీ వేసింది. ఊరి పేరు రాసింది.

"తాతా, ఇవాళ్టి నా ప్రశ్న," అంది.

"పద. వాన తగ్గింది."

"తగ్గలేదు. ఆ మనిషి ఎవరు?"

"తాతగారికి ఎలా తెలుస్తుందమ్మా," అంది హెన్నీ. "ఆయన పాపం..." అని పెద్దాయన మొహం చూసి మిగతాది మింగేసింది. చూపు ఆయన చేతుల మీదికి దిగింది.

హామ్‌స్టెడ్‌లో బట్టలు కుట్టే ఆవిడ ఒక్కతే. ఆ ఇంట్లో మగవాడు ఒక్కడే. వీబ్కెకి లెక్కలు బాగా వచ్చు. దానికి జవాబు అక్కర్లేదు. ఈయన ఇస్తాడా లేదా, అది కావాలి. తెలీదు అనే మాట ఆయన నాలుక చివరకి వచ్చింది. అలవాటైన మాట. వీబ్కె పుస్తకం మొదటి పేజీ అట్టలోంచి సగం బయటికి కనపడుతోంది, తన ముత్యాల్లాంటి అక్షరాలతో.

వీధి తలుపు తెరుచుకుంది.

"హెన్నీ, కాఫీ పెట్టావా? బస్సులో ఒక మహానుభావుడు వాడి గొడుగు నా మోకాళ్ళ మీద ఆరబెట్టుకున్నాడు. తొలగమంటే, వాన నేను కురిపించానా మామ్మా అంటాడు." పొట్టి మనిషి. అరవై దాటాయి. బూడిద రంగు కోటు. తలుపు మూల గొడుగు విదిలిస్తూ, ఇంకా వీపు ఇటే ఉంది. "ఎవరో వచ్చినట్టున్నారే. పిల్లలు కూడానా? ఎన్నాళ్ళకి."

"రోసెట్," అంది హెన్నీ.

తాలియా ఫోటోని చూసింది. వచ్చినావిడని చూసింది. మళ్ళీ ఫోటోని చూసింది. దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"మీరు ఆర్ కదా," అంది.

"నేనా?"

"మీ పొడుగు మా ఇంట్లో ఉంది."

రోసెట్ గొడుగుని గోడకి ఆనించింది. అది జారి కింద పడింది. తీయలేదు. పిల్ల ముందు నెమ్మదిగా వంగింది, మోకాలి మీద చెయ్యి వేసుకుని.

"ఎంత ఉన్నాను?" అంది.

తాలియా అక్కని లాక్కొచ్చి నిలబెట్టింది. కాస్త ఆలోచించి వీబ్కె భుజం దగ్గర అరచెయ్యి పెట్టింది. "ఇంత. ఆఖరి గీత."

"యాప్?"

తాలియా చెయ్యి కిందికి దించింది. గాలిలోనే, తన గడ్డం దగ్గర ఆపింది. "ఇంత."

రోసెట్ ఆ చేతి కింద ఉన్న ఖాళీని చూసింది. తన చెయ్యి చాపి, ఆ చిన్న అరచేతి కింద, ఒక తల మీద పెట్టినట్టు పెట్టింది. అలాగే ఉంచింది. బయట చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

తర్వాత తలెత్తింది. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డ మనిషిని చూసింది. ముందు చేతులు. తర్వాత మొహం.

ఆమె లేచి నిలబడటానికి కొంచెం సమయం పట్టింది. గొంతు పెంచలేదు. పల్లె మాటలోనే అడిగింది, ఏప్రిల్ పొద్దున గుమ్మంలో అడిగినట్టే, అంతే మర్యాదగా.

"మీ ఆవిడ ఉన్నారా?"

ఎంగెల్‌బర్ట్ నోరు తెరిచాడు. ఆ రోజు లేదన్నాడు. ఇవాళా అనవలసింది ఆ మాటే.

తాలియా తల తిప్పి తాతని చూసింది. జవాబు దానికీ తెలుసు. కానీ అడిగింది తాతని. అందుకని నోరు మూసుకుని ఎదురుచూస్తూ నిలబడింది, జె ఎత్తులో చెయ్యి అలాగే ఉంచి.